రిపోర్టు నెగెటివ్... మరి భయం ఎందుకు పోదు?

మస్కట్ రువిలో ఓ ప్రైవేటు క్లినిక్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పదహారేళ్లుగా పనిచేస్తున్నాను. షుగర్ రిపోర్టు చేతికిస్తే ‘ఎంతుంది?’ అని అడుగుతారు. థైరాయిడ్ అయితే ‘మాత్ర పెంచాలా?’ అంటారు. ఒక్క హెచ్‌ఐవీ రిపోర్టు దగ్గరే అడిగే తీరు మారిపోతుంది. ‘నాన్-రియాక్టివ్’ అని కళ్లెదుట అచ్చేసి ఉన్నా, గొంతు తగ్గించి ‘ఇది నిజమేనంటారా?’ అంటారు.

నా ఉద్యోగంలో పాజిటివ్ వచ్చి కుంగిపోయినవారిని చూసింది తక్కువ. నెగెటివ్ వచ్చాక కూడా నెలల తరబడి నిద్రపోనివారిని చూసింది చాలా ఎక్కువ. అందులో మన తెలుగువాళ్లూ తక్కువేమీ లేరు. ఎవరికీ చెప్పుకోలేక, గదిలో పక్క మంచం మీదున్నవాడికి కూడా తెలియకుండా ఈ భయాన్ని మోస్తుంటారు. వాళ్లందరికీ విడివిడిగా చెప్పే మాటలనే ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. మనుషులను గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను.

ముగ్గురు మనుషులు, ఒకటే ప్రశ్న

కడప జిల్లా నుంచి వచ్చిన ఓ డ్రైవరు నాలుగు నెలల్లో అయిదుసార్లు పరీక్ష చేయించుకున్నాడు. మా దగ్గర రెండు, బర్కాలో ఒకటి, సొహార్‌లో రెండు. అయిదూ నెగెటివే. ఆరోసారి వచ్చి, ‘ఇంగొక్కసారి చూడన్నా, మిషను ఏమన్నా తప్పు చూపించిందేమో’ అన్నాడు. రెండేళ్లకోసారి వచ్చే సెలవును కూడా రద్దు చేసుకున్నాడు. ఇంటికి వెళ్తే భార్యకు అంటిస్తానేమోనని భయం. ఎందుకు రావడం లేదో తెలియక ఆమె ఊళ్లో ఏడుస్తోంది.

గుబ్రాలో ఉండే గోదావరి జిల్లా గృహిణిది ఇంకో రకం బాధ. పన్ను పీకించుకున్న చోట సూది మార్చారో లేదోనన్న అనుమానం. రెండుసార్లు నెగెటివ్ వచ్చింది. అయినా పిల్లలకు తన కంచంలో అన్నం కలిపి పెట్టడం మానేశారు. కంచంలో తింటే హెచ్‌ఐవీ రాదని ఆవిడకు తెలుసు. ‘తెలుసండీ, కానీ చెయ్యి రావడం లేదు’ అన్నారు.

మూడో వ్యక్తి కరీంనగర్ వైపు నుంచి వచ్చిన యువ ఇంజినీరు. నాలుగేళ్ల కిందటి ఒక్క రాత్రి గురించి అతని దిగులంతా. పెళ్లి కుదిరింది. మూడు నెగెటివ్ రిపోర్టులు జేబులో పెట్టుకుని, ‘ఆ అమ్మాయి జీవితం నాశనం చేస్తానేమో సార్’ అంటాడు.

ఈ ముగ్గురి ప్రశ్న ఒకటే. పరీక్షను నమ్మొచ్చా? నమ్మొచ్చు. కాకపోతే ఎప్పుడు నమ్మాలో, ఎందుకు నమ్మాలో తెలిస్తేనే ఆ మాట మనసుకు ఎక్కుతుంది.

పులిరాజా కాలం నాటి భయం

2000 సంవత్సరం తర్వాతి తొలినాళ్లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవారెవరూ ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ అన్న హోర్డింగులను మరచిపోరు. బస్టాండుల్లో, గోడల మీద ఎక్కడ చూసినా అదే ప్రశ్న. జనం నోళ్లలో నానేలా చేయడమే ఆ ప్రచారం ఉద్దేశం. అది నెరవేరింది కూడా. మన రాష్ట్రంలో వ్యాధి అప్పట్లో ఎక్కువగా ఉండేది కాబట్టి ఆ హెచ్చరిక అవసరమే. 2021 అంచనాల ప్రకారం కూడా వయోజనుల్లో హెచ్‌ఐవీ ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం, తెలంగాణలో 0.47 శాతం ఉంటే, దేశ సగటు 0.21 శాతమే.

కానీ ఆ రోజుల్లో పిల్లలుగా ఉన్నవారికి ఆ ప్రశ్న, దాని వెనక ‘వస్తే చావే’ అన్న మాట మాత్రమే మనసులో మిగిలిపోయాయి. తర్వాతి ఇరవై ఏళ్లలో పరీక్షలు మారాయి, మందులు మారాయి. భయం మాత్రం ఆ హోర్డింగుల దగ్గరే ఆగిపోయింది. ఇప్పుడు ముప్పై, నలభై ఏళ్ల వయసులో గల్ఫ్‌లో ఉన్నవారు నా ముందు కూర్చుని అడిగేది కూడా అదే ప్రశ్న. పులిరాజా స్థానంలో తమ పేరు పెట్టుకుంటారు, అంతే.

గల్ఫ్‌లో రెండింతల దిగులు

అమెరికా, బ్రిటన్‌లలో ఉన్న పాఠకులకు ఇక్కడి పరిస్థితి కొంచెం చెప్పాలి. ఒమాన్ రావాలంటే ముందు ఇండియాలోనే గల్ఫ్ హెల్త్ కౌన్సిల్ గుర్తించిన ‘వాఫిద్’ కేంద్రంలో మెడికల్ చేయించుకోవాలి. పాతవారు దీన్నే గామ్కా మెడికల్ అంటారు. అందులో ఛాతీ ఎక్స్‌రే, హెపటైటిస్‌తోపాటు హెచ్‌ఐవీ పరీక్ష కూడా ఉంటుంది. ఇక్కడికి వచ్చాక రెసిడెంట్ కార్డు కోసం మళ్లీ మెడికల్. హెచ్‌ఐవీ ఉన్నట్టు తేలిన విదేశీయులకు ఇక్కడ నివాస అనుమతి ఉండదు, తిరిగి పంపించేస్తారు. విదేశీయులపై ఇలాంటి ఆంక్షలున్న దేశాలు, ప్రాంతాలు 48 ఉన్నాయని యూఎన్‌ఎయిడ్స్ 2019లో లెక్క చెప్పింది.

కాబట్టి ఇక్కడి మనిషికి ఆ కాగితం ఆరోగ్యం గురించి మాత్రమే కాదు. ఏజెంటుకు కట్టిన అప్పు, చెల్లెలి పెళ్లి, పిల్లల ఫీజులు, ఊళ్లో పరువు అన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి. కార్డు రెన్యువల్ దగ్గరపడే కొద్దీ మా దగ్గరికి వచ్చే ఇలాంటివారు పెరుగుతారు. ‘ముందే ఒకసారి బయట చూయించుకుందామని’ అంటూ వస్తారు. ఆ ఒక్కసారి చాలామందికి అయిదారుసార్లవుతుంది.

పరీక్ష దేన్ని వెతుకుతుంది?

హెచ్‌ఐవీ వైరస్ ఒంట్లోకి వస్తే మన రోగనిరోధక వ్యవస్థ దాన్ని ఎదుర్కోవడానికి యాంటీబాడీలను తయారు చేస్తుంది. పాత పరీక్షలు ఈ యాంటీబాడీలనే వెతికేవి. అవి తయారు కావడానికి కొన్ని వారాలు పడుతుంది. వైరస్ వచ్చి, యాంటీబాడీలు ఇంకా కనిపించని ఆ మధ్యకాలాన్నే ‘విండో పీరియడ్’ అంటారు. ఆ సమయంలో పరీక్ష చేస్తే నెగెటివ్ వచ్చినా దాన్ని తుది మాటగా తీసుకోలేం.

1985లో అమెరికాలో మొదటి పరీక్షకు అనుమతి వచ్చింది. అప్పట్నుంచి నాలుగు తరాల పరీక్షలు వచ్చాయి. ఇప్పటి నాలుగో తరం పరీక్ష యాంటీబాడీలతోపాటు ‘పీ24’ అనే వైరస్ ప్రొటీన్‌ను కూడా పట్టుకుంటుంది. ఈ ప్రొటీన్ యాంటీబాడీల కంటే ముందే రక్తంలో కనిపిస్తుంది. అందుకే విండో పీరియడ్ తగ్గింది. మీ రిపోర్టులో ‘ఏజీ/ఏబీ’ అనో ‘కాంబో’ అనో ఉంటే అది ఈ రకం పరీక్ష.

అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెప్పే రోజుల లెక్క ఇదీ:

• వైరస్ జన్యు పదార్థాన్నే వెతికే న్యాట్ పరీక్ష: 10 నుంచి 33 రోజులు

• చేతి నరం నుంచి రక్తం తీసి ల్యాబ్‌లో చేసే ఏజీ/ఏబీ కాంబో పరీక్ష: 18 నుంచి 45 రోజులు

• వేలు గుచ్చి చేసే ఏజీ/ఏబీ ర్యాపిడ్ పరీక్ష: 18 నుంచి 90 రోజులు

• యాంటీబాడీలను మాత్రమే చూసే పరీక్షలు, ఇంట్లో చేసుకునే చాలా రకాల కిట్లు: 23 నుంచి 90 రోజులు

మొదటి అంకె పరీక్ష పట్టుకోవడం మొదలుపెట్టే రోజు. రెండో అంకె దాటాక వచ్చిన నెగెటివ్‌ను తుది ఫలితంగా తీసుకోవచ్చు. బ్రిటన్ నిపుణులు కూడా ల్యాబ్ కాంబో పరీక్షకు 45 రోజులనే ప్రమాణంగా తీసుకున్నారు. మన ఐసీటీసీ కేంద్రాల్లో సాధారణంగా మూడు నెలల లెక్క చెబుతారు. ఏ రకం పరీక్షకైనా అది సరిపోతుంది.

‘ఆరు నెలలు ఆగాలి కదా?’ అని చాలామంది అడుగుతారు. అది పాత తరం పరీక్షల కాలంలో చెప్పిన మాట. ఆ పరీక్షలు పోయినా, మాట మాత్రం నోటి నుంచి నోటికి పాకుతూనే ఉంది.

చెన్నైలో ఆ రెండో పరీక్ష

మన దేశంలో హెచ్‌ఐవీ బయటపడిన కథ ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 1986లో చెన్నైలో మైక్రోబయాలజిస్టు డాక్టర్ సునీతి సాల్మన్ మార్గదర్శకత్వంలో ఆమె విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల సెక్స్ వర్కర్ల నుంచి రక్త నమూనాలు సేకరించారు. వాటిని పరీక్షకు వేలూరు సీఎంసీకి తీసుకెళ్లారు. చిత్తూరు జిల్లా వాళ్లు పెద్ద జబ్బంటే పరుగెత్తే ఆ ఆస్పత్రే. ఆరు నమూనాలు పాజిటివ్‌గా కనిపించాయి.

వాళ్లు వెంటనే ప్రకటించేయలేదు. మళ్లీ రక్తం తీశారు. అమెరికాకు పంపి, వెస్టర్న్ బ్లాట్ అనే మరో రకం పరీక్షతో నిర్ధారించుకున్నాకే దేశంలో హెచ్‌ఐవీ ఉందని లోకానికి తెలిసింది.

ఇప్పటికీ పద్ధతి అదే. ఒక్క పరీక్ష పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఎవరికీ హెచ్‌ఐవీ ఉందని చెప్పరు. వేర్వేరు కిట్లతో వరుసగా మూడు పరీక్షలు రియాక్టివ్ రావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. మరి నెగెటివ్‌కు మాత్రం విండో దాటాక ఒక్క పరీక్ష ఎందుకు చాలు?

పదివేల మంది లెక్క

ఈ ప్రశ్నకు నేను కాగితం మీద ఓ లెక్క వేసి చూపిస్తాను. పదివేల మందికి పరీక్ష చేశాం అనుకుందాం. వాళ్లలో 20 మందికి నిజంగా హెచ్‌ఐవీ ఉంది. పరీక్ష వైరస్ ఉన్నవారిలో 99.9 శాతం మందిని పట్టుకుంటుంది, లేనివారిలో 99.5 శాతం మందికి సరిగ్గా ‘లేదు’ అని చెబుతుంది అనుకుందాం. మంచి పరీక్షలు ఈ స్థాయిలోనే ఉంటాయి.

ఆ 20 మందినీ పరీక్ష దాదాపుగా పట్టేస్తుంది. మిగిలిన 9,980 మందిలో అర శాతం, అంటే సుమారు 50 మందికి వైరస్ లేకున్నా రియాక్టివ్ చూపిస్తుంది. మొత్తం 70 రియాక్టివ్‌లలో నిజమైనవి 20 మాత్రమే! అందుకే పాజిటివ్‌ను రెండోసారి, మూడోసారి పరీక్షించకుండా నమ్మరు.

ఇప్పుడు నెగెటివ్ వైపు చూడండి. 9,930 మందికి నెగెటివ్ వచ్చింది. వాళ్లలో వైరస్ ఉండి తప్పించుకున్నవారు ఎందరు? ఈ లెక్కన ఒక్కరు తప్పించుకోవాలంటే పదివేలు కాదు, అయిదు లక్షల మందికి పరీక్ష చేయాలి.

పరీక్ష తప్పు చేస్తే ఎక్కువగా లేని వైరస్‌ను ఉందని చెప్పే వైపే చేస్తుంది. ఉన్నదాన్ని వదిలేయడం అరుదులో అరుదు. మనం మాత్రం పాజిటివ్ వస్తే ఒక్క మాటకే నమ్మి కుప్పకూలిపోతాం, నెగెటివ్ వస్తే అనుమానిస్తాం. లెక్క ప్రకారం చేయాల్సింది దీనికి సరిగ్గా తలకిందులు.

0.09 నుంచి 0.14కి పెరిగింది!

చదువుకున్నవారిలో ఇంకో బెంగ ఎక్కువ. రిపోర్టులో ‘నాన్-రియాక్టివ్’ పక్కన ఓ అంకె ఉంటుంది. చాలా యంత్రాల్లో 1.00 దాటితేనే రియాక్టివ్. పోయినసారి 0.09, ఈసారి 0.14 వచ్చింది. ‘వైరస్ పెరుగుతోంది కదా సార్?’ అంటాడు ఆ ఇంజినీరు.

కాదు. అది వైరస్ కొలత కాదు. నమూనాను యంత్రం చదివినప్పుడు వచ్చిన వెలుగును కటాఫ్‌తో పోల్చిన నిష్పత్తి అది. అదే రక్తాన్ని రెండుసార్లు పెట్టినా రెండు అంకెలు రావొచ్చు. గీతకు కింద ఉన్నంతవరకు 0.05 అయినా 0.30 అయినా అర్థం ఒక్కటే.

‘శాంపిల్ మారిపోయి ఉంటే?’ అన్నది మరో అనుమానం. ట్యూబు మీద బార్‌కోడ్, రక్తం తీసేముందు పేరు, కార్డు నంబరు సరిచూడటం ఇందుకే. పైగా మూడు చోట్ల మూడుసార్లు చేసిన పరీక్షల్లో ప్రతిసారీ మీ ట్యూబే మారిపోయి, ప్రతిసారీ ఆరోగ్యవంతుడి ట్యూబే దాని చోటికి రావడం జరిగే పనేనా?

మరి నిజంగా తప్పే సందర్భాలు లేవా?

ఉన్నాయి. దాచాల్సిన అవసరం లేదు. అన్నిటికంటే ముఖ్యమైనది విండో పూర్తికాకముందే పరీక్ష చేయించుకోవడం. ఇరవయ్యో రోజున వచ్చిన నెగెటివ్‌ను పట్టుకుని నిశ్చింతగా ఉండకూడదు.

రెండోది, వైరస్ సోకకుండా ముందుజాగ్రత్తగా ఇచ్చే ప్రెప్ మందులు లేదా ప్రమాదం జరిగాక ఇచ్చే పెప్ మందులు వాడినవారు. వీరిలో యాంటీబాడీలు ఆలస్యంగా కనిపించొచ్చు. డాక్టరు చెప్పిన తేదీల్లోనే పరీక్షలు చేయించుకోవాలి. మూడోది, యాంటీబాడీలు తయారుచేసే శక్తే దెబ్బతిన్న అరుదైన తీవ్ర రుగ్మతలు. అలాంటి జబ్బు ఉన్నవారు అప్పటికే ఆస్పత్రుల చుట్టూ తిరుగుతూ ఉంటారు. ‘నాకు అలాంటిది ఉందేమో’ అని ఊహించుకునే ఆరోగ్యవంతుడికి ఇది వర్తించదు.

షుగర్, బీపీ మాత్రలు, యాంటీబయోటిక్స్, జలుబు మందు, ముందురోజు తాగిన మద్యం, బ్లడ్ గ్రూపు, పరగడుపున లేకపోవడం... ఇవేవీ పాజిటివ్‌ను నెగెటివ్‌గా మార్చవు.

ఒళ్లంతా లక్షణాలే

హెచ్‌ఐవీ సోకిన కొందరిలో రెండు నుంచి నాలుగు వారాల్లో జ్వరం, గొంతునొప్పి, దద్దుర్లు, గ్రంథుల వాపు కనిపిస్తాయి. కొందరిలో ఏమీ కనిపించవు. ఈ లక్షణాలన్నీ మామూలు వైరల్ జ్వరానికీ ఉంటాయి. కాబట్టి లక్షణాలను బట్టి ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. చెప్పగలిగేది పరీక్షే.

భయంలో ఉన్న మనిషి మాత్రం పరీక్షను పక్కనపెట్టి ఒంటిని చదువుతాడు. మే, జూన్ ఎండల్లో సైటులో పనిచేసేవారికి చెమటకాయలు రావడం మామూలే. అవే ‘దద్దుర్లు’ అయిపోతాయి. రోజుకు ఇరవైసార్లు మెడ నొక్కి చూసుకుంటే అక్కడ నొప్పి పుట్టక మానదు. దాన్నే ‘గ్రంథుల వాపు’ అనుకుంటారు. దిగులుతో తిండి మానేస్తే బరువు తగ్గుతారు, కడుపు పాడవుతుంది, రాత్రి చెమటలు పడతాయి. ఆ డ్రైవరు నాలుగు నెలల్లో ఆరు కిలోలు తగ్గాడు. ‘చూడన్నా, ఎయిడ్సు కాకపోతే ఎందుకు తగ్గుతాను?’ అన్నాడు. అతను రోజుకు ఒక్కపూటే తింటున్నాడని తర్వాత తెలిసింది.

ప్రతి పరీక్షా భయానికి మేతే

చెన్నైలో తొలి కేసులు బయటపడిన ఆ 1986లోనే బ్రిటన్ నిపుణులు పాల్ సాల్కోవ్‌స్కిస్, హిలరీ వార్విక్ ఇలాంటి ఆరోగ్య భయం గురించి ఓ వ్యాసం రాశారు. పదే పదే భరోసా కోరడమే భయాన్ని నిలబెడుతుందన్నది దాని సారాంశం. నా అనుభవంలో రోజూ కనిపించేదీ ఇదే. రిపోర్టు చూడగానే ప్రాణం లేచొస్తుంది. ఆ హాయి కొందరికి వారం, కొందరికి ఒక పూట ఉంటుంది. తర్వాత ‘ఒకవేళ...’ అన్న మాట మొదలవుతుంది. మళ్లీ పరీక్ష. ఈసారి హాయి ఇంకా తక్కువ సేపు. పరీక్షలు పెరిగేకొద్దీ నమ్మకం పెరగాలి కదా? ఇక్కడ తగ్గుతుంది.

దీనికి కారణం వైరస్ కాదు, రిపోర్టూ కాదు. దీన్ని వైద్యులు ఆరోగ్య ఆందోళన అంటారు. కొందరిలో ఇది ఓసీడీ రూపంలో ఉంటుంది. తమకు తాము వేసుకునే శిక్షలా కూడా ఉంటుంది. ఏదో తప్పు చేశామన్న భావన ఉన్నప్పుడు మనసు నెగెటివ్‌ను ఒప్పుకోదు. ‘నాకు శిక్ష పడాల్సిందే’ అని లోపల ఎక్కడో తీర్పు రాసేసుకుని ఉంటారు. పశ్చాత్తాపం వేరు, వైరస్ వేరు. ఒకదానికి రక్తపరీక్ష చేయలేం.

ఇది పిచ్చి కాదు, నటన అంతకంటే కాదు. చికిత్సకు లొంగే సమస్య. ఆలోచనల తీరును, అలవాట్లను మార్చే సీబీటీ అనే మాటల చికిత్స దీనికి బాగా పనిచేస్తుంది. బ్రిటన్ ఆస్పత్రుల్లో 444 మందిపై చేసిన పరిశోధనలో దీనివల్ల ఆరోగ్య ఆందోళన తగ్గి, ఆ మేలు నిలబడినట్టు తేలింది. 2014లో లాన్సెట్ పత్రిక ఆ ఫలితాలను ప్రచురించింది. అవసరమైతే డాక్టర్లు మందులూ ఇస్తారు. ఒమాన్‌లో మానసిక వైద్యానికి అమరాత్‌లోని అల్ మసర్రా ఆస్పత్రి ఉంది. సుల్తాన్ ఖాబూస్ యూనివర్సిటీ ఆస్పత్రిలోనూ ఈ విభాగం ఉంది. ప్రైవేటు ఆస్పత్రుల్లో భారతీయ వైద్యులు దొరుకుతారు. ఇండియాలో ఉన్నప్పుడు టెలీ-మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఒంటరిగా ఉండకండి. పక్కనున్నవారికి చెప్పి, ఆ రోజే దగ్గర్లోని ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఏం చేయాలి?

• ఒకే కాగితం మీద నాలుగు విషయాలు రాయండి: అనుమానం ఉన్న సంఘటన తేదీ, పరీక్ష తేదీ, మధ్యలో ఎన్ని రోజులు, ఏ రకం పరీక్ష.

• ఆ కాగితాన్ని ఒకే డాక్టరుకు చూపించండి. చివరి పరీక్ష ఎప్పుడో ఆయన్నే చెప్పమనండి. ఆ తేదీ తర్వాత ఇక పరీక్ష లేదని ముందే ఒప్పుకోండి. నలుగురు డాక్టర్లను అడిగితే నాలుగు తేదీలు వస్తాయి, భయానికి అవి చాలు.

• మెడ తడుముకోవడం, అద్దంలో నాలుక చూసుకోవడం, అర్ధరాత్రి ఫోన్‌లో వెతకడం ఒక్కసారిగా మానలేకపోతే రోజుకు కొంత చొప్పున తగ్గించండి.

• నమ్మకమైన ఒక్కరికి చెప్పండి. రహస్యంగా ఉన్నంతకాలం భయం బలంగానే ఉంటుంది.

• ప్రమాదం జరిగి ఇంకా 72 గంటలు దాటకపోతే బెంగ పడుతూ కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. 28 రోజుల పెప్ మందులు వైరస్ రాకుండా ఆపగలవు. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది.

• కొత్తగా మళ్లీ ప్రమాదం ఎదురైతే లెక్క మళ్లీ మొదలు. పాత నెగెటివ్ దానికి వర్తించదు.

ఇంట్లోవాళ్లకూ ఓ మాట. ‘ఏం కాదులే’ అని వందసార్లు అనడం కూడా ఆ భయానికి భరోసా మేత వేయడమే. ‘డాక్టరు చెప్పింది అయిపోయింది, మనం ఇంక పరీక్షల గురించి మాట్లాడుకోవద్దు’ అని నెమ్మదిగా చెప్పి, తోడుగా డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఒకవేళ పాజిటివ్ అయితే?

ఈ ప్రశ్నకు జవాబు దొరకనంతకాలం నెగెటివ్ మీద కూడా నమ్మకం కుదరదు. కాబట్టి సూటిగా చెబుతాను. హెచ్‌ఐవీ ఇప్పుడు మరణశిక్ష కాదు. రోజూ మందు వేసుకుంటే షుగర్‌లా అదుపులో ఉండే జబ్బు. ఎక్కువమందికి రోజుకు ఒక్క మాత్ర సరిపోతుంది. మందులతో రక్తంలో వైరస్ పరీక్షకు దొరకనంతగా తగ్గి, అలాగే నిలబడితే లైంగికంగా భాగస్వామికి సోకదు. తల్లి నుంచి బిడ్డకు రాకుండా ఆపడంలో ఒమాన్ 2022లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందింది. తూర్పు మధ్యధరా ప్రాంత దేశాల్లో ఆ ఘనత సాధించిన మొదటి దేశం ఇదే.

మన ఊళ్లలో ఐసీటీసీల్లో పరీక్ష ఉచితం, వివరాలు గోప్యం, ముందూ తర్వాతా కౌన్సెలింగ్ ఉంటుంది. ఏఆర్‌టీ కేంద్రాల్లో మందులూ ఉచితమే. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం అనుమతి లేకుండా పరీక్ష చేయడం, వివరాలు బయటపెట్టడం, ఉద్యోగంలోనో చదువులోనో వివక్ష చూపడం కుదరదు. ఇండియాలో సందేహాలుంటే 1097కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. గల్ఫ్ ఉద్యోగం పోవచ్చు, ఆ నష్టం చిన్నదేమీ కాదు. కానీ బతుకు పోదు.

మా డాక్టరు ఆ డ్రైవరుకు ఆరో పరీక్ష రాయలేదు. అయిదు రిపోర్టులను తేదీల వారీగా బల్ల మీద పరిచాం. 20, 48, 75, 96, 118 రోజులు. అన్నీ కాంబో పరీక్షలే. మొదటిదాన్ని పక్కన పెట్టినా మిగిలిన నాలుగూ 45 రోజులు దాటినవే. ‘నీకు హెచ్‌ఐవీ లేదు. నీకున్నది భయం. దానికి మందు వేరే ఉంది’ అని చెప్పి మానసిక వైద్యుడి దగ్గరికి పంపారు. వెంటనే మారిపోలేదు. రెండుసార్లు మళ్లీ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు, పరీక్ష చేయించుకోకుండానే వెళ్లిపోయాడు. సంక్రాంతికి ఊరెళ్లి, నెల రోజులు ఉండి వచ్చాడు.

మీ ఫైల్లోనూ అలాంటి కాగితాలుంటే ఈ రాత్రికి ఒక్క పని చేయండి. తేదీలు చూసి రోజులు లెక్కపెట్టండి. లెక్క సరిపోకపోతే సరిపోయే రోజును క్యాలెండర్లో గుర్తు పెట్టుకుని ఆ రోజు ఒక్కసారి పరీక్షకు వెళ్లండి. సరిపోతే ఫైలు మూసేయండి. అయినా నిద్ర పట్టకపోతే ఈసారి వెళ్లాల్సింది మా ల్యాబ్‌కు కాదు, మనసు డాక్టరు దగ్గరికి.